స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలపై దేశాలు దాటి చేసే పోరాటాలు నిజంగా పనిచేస్తాయా?

ప్రశ్న టూకీగా ఇది: ఒక స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం వల్ల తమవాళ్లు నష్టపోతారని భయపడుతున్న ఒక సంఘం, అవతలి దేశంలోని సంఘాలతో చేతులు కలపాలనుకుంటోంది. అంత శ్రమకు ఫలితం ఉంటుందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ఫలితం ఉంటుంది. కాకపోతే చాలామంది ఊహించుకునే రూపంలో రాదు. ఈ ఒప్పందాల ముసాయిదాలు చదివి, వాటిలో ఎవరికి ఏం పోతుందో సంఘాలవాళ్లకు విడమరిచి చెప్పే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నేను గమనించినంతలో, ఎంతో కొంత సాధించిన పోరాటాల్లో సమాచారం సరిహద్దులు దాటింది, ఒత్తిడి మాత్రం ఎవరి ప్రభుత్వం మీద వాళ్లే పెట్టారు. పరాయి దేశం నుంచి వచ్చిన వినతిపత్రాన్ని మంత్రులు పెద్దగా పట్టించుకోరు. అదే తన నియోజకవర్గం నుంచి, తను రహస్యం అనుకుంటున్న పత్రంలోని పేరా నంబరుతో సహా ప్రశ్న వస్తే ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ నిజానికి వాణిజ్య ఒప్పందం కూడా కాదు, పెట్టుబడుల ఒప్పందం. 1995లో ధనిక దేశాల కూటమి ఓఈసీడీలోని దేశాలు పారిస్‌లో బహుళపక్ష పెట్టుబడుల ఒప్పందం, అంటే ఎంఏఐ మీద చర్చలు మొదలుపెట్టాయి. ప్రభుత్వ నిర్ణయం వల్ల తనకు నష్టం వచ్చిందని ఒక విదేశీ కంపెనీ అనుకుంటే, స్థానిక కోర్టుల జోలికి పోకుండా ఆ ప్రభుత్వాన్ని నేరుగా అంతర్జాతీయ మధ్యవర్తుల ముందుకు లాగే హక్కు అందులో ఉంది. మొదటి రెండేళ్లు దీని గురించి బయట ఎవరికీ పెద్దగా తెలియదు. 1997 మొదట్లో ముసాయిదా లీకై ఇంటర్నెట్‌లోకి వచ్చింది. చదివినకొద్దీ ఒక్కో దేశంవాళ్లకు అందులో ఒక్కో ప్రమాదం కనిపించింది. ఫ్రాన్స్‌లో సినిమావాళ్లు తమ పరిశ్రమకున్న రక్షణలు పోతాయని గోల పెట్టారు. కెనడావాళ్లకు ఈ హక్కు ఎలా ఉంటుందో అప్పటికే అనుభవంలోకి వచ్చింది. పెట్రోల్‌లో కలిపే ఎంఎంటీ అనే రసాయనం దిగుమతిని ఆపినందుకు ఇథైల్ అనే అమెరికా కంపెనీ వాళ్ల ప్రభుత్వం మీద నాఫ్టా కింద, అంటే అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య ఉన్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద, కేసు వేసింది. 1998లో కెనడా రాజీకి వచ్చి, 1.3 కోట్ల డాలర్లు చెల్లించి, ఆ ఆంక్షను ఎత్తేసింది. ఆ కేసు కాగితాలు మిగతా దేశాల సంఘాలకు వంద ఉపన్యాసాల కంటే ఎక్కువ ఉపయోగపడ్డాయి. 1998 అక్టోబర్‌లో ఫ్రాన్స్ తప్పుకుంది, ఏడాది చివరికి చర్చలు మూతపడ్డాయి. మినహాయింపుల విషయంలో ప్రభుత్వాల మధ్యే గొడవలు ఉన్న మాట నిజం. అంతా సంఘాలే ఆపాయని అనలేం. అయితే ఆ గొడవలు నాలుగు గోడల మధ్య సర్దుకుపోకుండా చేసింది మాత్రం ఆ లీకూ, దాన్ని చదివి పంచుకున్న జనమూ.

ఇక నాఫ్టా. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీరు పడబోయే తిప్పలన్నీ అందులో ఉన్నాయి. అమెరికా, కెనడా, మెక్సికో 1992 డిసెంబర్‌లో సంతకాలు చేశాయి, 1994 జనవరి 1 నుంచి అమలైంది. చర్చలు మొదలైనప్పుడు అమెరికా కార్మిక సంఘాల్లో వినిపించిన మాట 'మెక్సికో మన ఉద్యోగాలు ఎత్తుకుపోతుంది' అని. ఆ మాట విన్న మెక్సికో కార్మికుడు మీతో చేతులు ఎందుకు కలుపుతాడు? పైగా మెక్సికోలో అతిపెద్ద కార్మిక సమాఖ్య సీటీఎం అప్పటి అధికార పార్టీలో భాగం. అది నాఫ్టాకు మద్దతు పలికింది. కాబట్టి అమెరికా సంఘాలు మామూలుగా మాట్లాడే మనుషులతో మాట్లాడితే పని జరిగేది కాదు. మెక్సికోలో 1991లోనే ఆర్ఎంఏఎల్‌సీ అనే వేదిక పుట్టింది. కార్మికులు, పర్యావరణవాదులు, మహిళా సంఘాలు అందులో చేరారు. ఎఫ్ఏటీ అనే చిన్న స్వతంత్ర కార్మిక సంఘం అందులో ముఖ్యమైనది. అమెరికాలో విద్యుత్ పరికరాల కార్మికుల సంఘం యూఈ 1992లో ఎఫ్ఏటీతో జట్టుకట్టింది. రెండూ తమ తమ దేశాల్లో చిన్న సంఘాలే. కానీ ఒకే కంపెనీకి సరిహద్దుకు రెండు వైపులా ఉన్న ఫ్యాక్టరీల్లో కార్మికులను కూడగట్టే పనితో మొదలుపెట్టారు కాబట్టి ఆ బంధం నిలబడింది. మొత్తం మూడు దేశాల ఆర్థిక విధానం మీద ఏకాభిప్రాయం కుదిరాక కలిసి పనిచేద్దాం అనుకుని ఉంటే ఇప్పటికీ సమావేశాల్లోనే ఉండేవాళ్లు.

నాఫ్టాను సంఘాలు ఆపలేకపోయాయి. కానీ వాళ్ల గోల వల్ల 1993లో కార్మిక హక్కుల మీద ఒకటి, పర్యావరణం మీద ఒకటి అనుబంధ ఒప్పందాలు వచ్చాయి. అవి ఉద్యమాన్ని చీల్చాయి కూడా. అమెరికాలో కొన్ని పెద్ద పర్యావరణ సంస్థలు ఆ అనుబంధం చూసి నాఫ్టాకు మద్దతిచ్చాయి, సియెర్రా క్లబ్, ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ వ్యతిరేకంగానే ఉండిపోయాయి. ప్రభుత్వాలు ఈ పని తెలిసే చేస్తాయి. మీ కూటమిలో 'పూర్తిగా వద్దు' అనేవాళ్లూ 'సవరిస్తే చాలు' అనేవాళ్లూ ఇద్దరూ ఉంటారు. ఏ సవరణ వస్తే ఎవరు తప్పుకుంటారో ముందే ఒకరికొకరు చెప్పుకోండి. తర్వాత పత్రికల్లో చదివి తెలుసుకోవడం కంటే అదే మేలు.

కార్మిక అనుబంధ ఒప్పందంలో ఒక విచిత్రం ఉంది. మెక్సికోలో హక్కుల ఉల్లంఘన జరిగితే ఫిర్యాదు మెక్సికోలో ఇవ్వడానికి లేదు. అమెరికాలోనో కెనడాలోనో అందుకోసం పెట్టిన కార్యాలయంలో ఇవ్వాలి. అమెరికాలో జరిగితే మిగతా రెండు దేశాల్లో. అంటే అవతలి దేశంలో తోడు లేకుండా ఫిర్యాదు చేయడమే కష్టం. 1994లో తొలి ఫిర్యాదులు మెక్సికోలోని హనీవెల్, జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీల మీద పడ్డాయి. చట్టపరంగా ఫలితం శూన్యం. సంఘం పెట్టుకునే హక్కు లాంటి ముఖ్యమైన విషయాలు మంత్రుల సంప్రదింపులు దాటి ముందుకు పోయే వీలే ఆ ఒప్పందంలో లేదు. పాతికేళ్లలో ఒక్క ఫిర్యాదు కూడా జరిమానా దాకా వెళ్లలేదు. అయినా ఆ ఫిర్యాదులు రాయడానికి మూడు దేశాల లాయర్లు, కార్మిక నాయకులు పదేపదే కలిసి కూర్చోవాల్సి వచ్చింది. ఒకరి చట్టం ఇంకొకరు నేర్చుకున్నారు. 'ఉద్యోగాలు ఎత్తుకుపోతున్నారు' అనే మాట క్రమంగా తగ్గింది.

దాని లాభం తర్వాత కనిపించింది. 2020 జులై 1న నాఫ్టా స్థానంలో అదే మూడు దేశాల కొత్త ఒప్పందం యూఎస్ఎంసీఏ వచ్చింది. అందులో ఒక్కో ఫ్యాక్టరీ మీద విడిగా చర్య తీసుకునే సత్వర ఏర్పాటు ఉంది. హక్కులు కాలరాసిన ఫ్యాక్టరీ సరుకుకు సుంకాల రాయితీ పోవచ్చు, కాబట్టి కంపెనీ కదులుతుంది. 2021 మేలో మెక్సికోలోని మటమోరోస్ ఊళ్లో ఉన్న ట్రైడోనెక్స్ ఫ్యాక్టరీపై అమెరికా కార్మిక సమాఖ్య ఏఎఫ్ఎల్-సీఐఓ, మెక్సికో స్వతంత్ర సంఘం ఒకటి, మరికొన్ని సంస్థలు కలిసి ఈ ఏర్పాటు కింద మొదటి ఫిర్యాదు ఇచ్చాయి. అదే నెలలో మెక్సికోలోనే సిలావోలో ఉన్న జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ విషయంలో అమెరికా ప్రభుత్వమే కదిలింది. అక్కడ పాత సంఘం కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఆగస్టులో కార్మికులు ఓటింగ్‌లో తిరస్కరించారు. 2022 ఫిబ్రవరిలో సింటియా అనే స్వతంత్ర సంఘం భారీ మెజారిటీతో గెలిచింది. ఇందులో కూడా పక్షపాతం లేకపోలేదు. మెక్సికో ఫ్యాక్టరీల మీద ఫిర్యాదు చేయడం సులువు, అమెరికా ఫ్యాక్టరీల మీద చేయాలంటే షరతులు చాలా బిగువు. మెక్సికో మిత్రులు దీన్ని మరిచిపోరు, మీరూ మరిచిపోవద్దు.

'ఒప్పందాన్నే పూర్తిగా ఆపిన సందర్భం ఉందా' అని తర్వాత అడుగుతారు కాబట్టి అమెరికా ఖండాల స్వేచ్ఛా వాణిజ్య మండలం సంగతి చెబుతాను. 1994 డిసెంబర్‌లో మయామిలో 34 దేశాలు, అంటే క్యూబా తప్ప ఆ రెండు ఖండాల దేశాలన్నీ, 2005 కల్లా ఒకే వాణిజ్య మండలం కావాలనుకున్నాయి. దానికి పోటీగా ఖండమంతా వ్యాపించిన సామాజిక కూటమి ఒకటి ఏర్పడింది. 1998లో శాంటియాగోలో, 2001 ఏప్రిల్‌లో క్విబెక్‌లో దేశాధినేతల సమావేశాలు జరిగినప్పుడు పక్కనే ప్రజల సమావేశాలు జరిపారు. ఊరికే వద్దు అనకుండా, తమకు ఎలాంటి ఒప్పందం కావాలో అధ్యాయాల వారీగా ఒక ప్రత్యామ్నాయ పత్రం కూడా రాసుకున్నారు. నన్ను అడిగితే ఆ పత్రం చదివినవాళ్లు తక్కువ. కానీ దాన్ని రాసే క్రమంలోనే ఉత్తర అమెరికా సంఘాలకూ లాటిన్ అమెరికా సంఘాలకూ మధ్య ఉన్న తేడాలు బయటికొచ్చి, చర్చకు వచ్చాయి. అసలైన దెబ్బ పడింది బ్రెజిల్‌లో. 2002 సెప్టెంబర్‌లో చర్చి సంస్థలు, భూమిలేని రైతుకూలీల ఉద్యమం, కార్మిక సంఘాలు కలిసి తమంతట తామే ఒక ప్రజాభిప్రాయ సేకరణ నిర్వహించాయి. కోటిమందికి పైగా ఓటేశారు, దాదాపు అందరూ వద్దన్నారు. చట్టపరంగా దానికి ఏ విలువా లేదు. కానీ ఆ మరుసటి నెలే ఎన్నికలు. 2005 నవంబర్‌లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే, వెనెజువెలా ఒప్పుకోకపోవడంతో ఆ ప్రయత్నం అక్కడే ఆగింది. అమెరికా వ్యవసాయ సబ్సిడీల మీద బ్రెజిల్‌కున్న కోపం కూడా ఇందులో పెద్ద కారణమే.

ఆ గెలుపు సంబరం ఎక్కువ కాలం లేదు. పెద్ద ఒప్పందం కుదరకపోతే చిన్న దేశాలతో విడివిడిగా చేసుకోవచ్చని అమెరికా అప్పటికే ఆ దారి పట్టింది. మధ్య అమెరికాతో కుదిరిన కాఫ్టా 2005 జులైలో అమెరికా ప్రతినిధుల సభలో 217-215తో గట్టెక్కింది. కోస్టారికాలో దాని మీద 2007 అక్టోబర్ 7న రెఫరెండం జరిగింది. వద్దన్నవాళ్లు ఊరూరా దేశభక్త కమిటీలు పెట్టి ప్రచారం చేసినా, అవునన్నవాళ్లు 51.6 శాతంతో గెలిచారు.

మందుల విషయం వేరే కథ. దేశాలు దాటిన ఐక్యత ఇంత సహజంగా కుదిరిన అంశం నాకు మరొకటి కనిపించలేదు. భారత్, యూరోపియన్ యూనియన్ 2007లో వాణిజ్య చర్చలు మొదలుపెట్టాయి. యూరప్ అడిగినవాటిలో డేటా ఎక్స్‌క్లూజివిటీ ఒకటి. ఒక మందు సురక్షితమని నిరూపించడానికి మొదటి కంపెనీ చేసిన పరీక్షల ఫలితాల మీద ఆధారపడి అదే మందును చవకగా తయారుచేసే జనరిక్ కంపెనీకి అనుమతి ఇవ్వడాన్ని కొన్నేళ్లపాటు ఆపేయడమే దాని పని. పేటెంట్ లేని మందుకు కూడా ఇది అడ్డుపడుతుంది. ఇది భారతీయులకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. ధనిక దేశాల్లో ఏడాదికి 10,000 డాలర్లు దాటే ఎయిడ్స్ చికిత్సను 2001లో భారత కంపెనీ సిప్లా 350 డాలర్లకు ఇస్తానంది. ఆ తర్వాత పేద దేశాల్లో ఎయిడ్స్ రోగులు వాడే మందుల్లో అధిక భాగం భారత్‌లో తయారైన జనరిక్‌లే. కాబట్టి చర్చల్లో కూర్చోని దేశాల రోగులకు కూడా ఇది ప్రాణం మీదికి వచ్చిన విషయం. 2010లో మెదసాఁ సాఁ ఫ్రాంటియేర్ అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ 'యూరప్, మా మందుల మీద చెయ్యి తీయి' అని ప్రచారం ఎత్తుకుంది. 2011 మార్చిలో ఢిల్లీ వీధుల్లో వేలమంది ఎయిడ్స్ రోగులు ఊరేగారు. డేటా ఎక్స్‌క్లూజివిటీకి ఒప్పుకునేది లేదని భారత్ బహిరంగంగా చెప్పింది. చర్చలు 2013లో ఆగిపోవడానికి కార్లు, వైన్ మీద సుంకాల లాంటి వేరే పేచీలు ఉన్నాయి, ఆ ఘనత రోగుల ఖాతాలో వేయలేం. కానీ ఆ ఒక్క షరతు విషయంలో ప్రభుత్వం వెనక్కి తగ్గకుండా కాపలా కాసింది మాత్రం వాళ్లే.

థాయిలాండ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 2006 జనవరిలో చియాంగ్ మాయ్‌లో అమెరికాతో చర్చలు జరుగుతుంటే ఎయిడ్స్ రోగులు, రైతులు వేలల్లో వచ్చి ఆ హోటల్‌ను చుట్టుముట్టారు. ఆ ఏడాదే పార్లమెంటు రద్దు, తర్వాత సైనిక కుట్ర. ఆ చర్చలు మళ్లీ గాడిన పడలేదు.

ఎవరి ప్రభుత్వం మీద వాళ్లే ఒత్తిడి పెట్టాలని పైన అన్నాను. దానికి ఒక మినహాయింపు ఉంది: ఎదుటివాడు కంపెనీ అయితే, కంపెనీ ఎక్కడుంటే అక్కడికి వెళ్లాలి. బొలీవియాలోని కొచబాంబాలో 2000లో నీటి ప్రైవేటీకరణ మీద జనం తిరగబడి కంపెనీని వెళ్లగొట్టారు. ఆ కంపెనీలో ప్రధాన వాటాదారు బెక్టెల్ అనే అమెరికా సంస్థ. నెదర్లాండ్స్-బొలీవియా పెట్టుబడుల ఒప్పందాన్ని అడ్డం పెట్టుకుని అది కోట్ల డాలర్ల పరిహారం అడిగింది. 2002లో నలభైకి పైగా దేశాల నుంచి 300కు పైగా సంస్థలు ఆ కేసును బహిరంగంగా విచారించాలని కోరాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కంపెనీ ప్రధాన కార్యాలయం ముందు నిరసనలు జరిగాయి. 2006 జనవరిలో కంపెనీ కేసు వదులుకుంది, నామమాత్రంగా రెండు బొలీవియానోలు (అక్కడి కరెన్సీ) తీసుకుని. కేసులో ఓడి కాదు, పరువు పోతుందని.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ముసాయిదా. అధికారికంగా విడుదల కాకపోతే అవతలి దేశం పార్లమెంటుకు ఏం ఇచ్చారో చూడండి. చాలాసార్లు ఒక దేశంలో రహస్యమైనది మరో దేశంలో కమిటీ నివేదికలో పడి ఉంటుంది. ఏమీ దొరకకపోతే ఆ దేశమే అంతకుముందు మూడో దేశంతో చేసుకున్న ఒప్పందం చదవండి. అధ్యాయాలకు అధ్యాయాలు అక్కడి నుంచే ఎత్తి రాస్తారు. చదవడానికి లాయర్ ఒక్కరు చాలరు. మందుల అధ్యాయం ఫార్మసిస్టు, విత్తనాల అధ్యాయం రైతు నాయకుడు, సేవల అధ్యాయం ఆ రంగంలో ఉద్యోగం చేసినవాళ్లు చదవాలి.

తర్వాత ఈ ఒప్పందాన్ని ఎక్కడెక్కడ, ఎవరు ఆమోదించాలో ఒక కాగితం మీద రాయండి. ఈ పని చాలామంది చేయరు, నాకు అర్థం కాని విషయం ఇదే. యూరప్-కెనడా ఒప్పందం సీటాకు వ్యతిరేకంగా ఏళ్లతరబడి ప్రదర్శనలు జరిగాయి. సీటానూ, అప్పట్లో అమెరికాతో యూరప్ చర్చిస్తున్న టీటీఐపీ అనే ఒప్పందాన్నీ కలిపి వ్యతిరేకిస్తూ 30 లక్షలకు పైగా సంతకాలు పోగయ్యాయి. 2015 అక్టోబర్‌లో బెర్లిన్‌లో పోలీసుల లెక్క ప్రకారమే లక్షన్నర మంది ఊరేగారు. అయినా 2016 అక్టోబర్‌లో సంతకాలను రోజుల తరబడి ఆపింది బెల్జియంలోని వలోనియా అనే ప్రాంతం పార్లమెంటు. ఎందుకంటే బెల్జియం సంతకం పెట్టాలంటే ప్రాంతీయ పార్లమెంటుల అనుమతి కావాలి. అక్కడి సంఘాలు, పాల రైతులు, ఎమ్మెల్యేలు ఆ ముసాయిదాను ఏడాదికి పైగా చర్చిస్తూ వచ్చారు. మీ ఒప్పందానికి కూడా ఇలాంటి చిన్న తాళంచెవి ఎక్కడో ఉండవచ్చు. అది మీ దేశంలో కాక అవతలి దేశంలో ఉంటే, మీ శ్రమలో సగం అక్కడి మిత్రులకు సమాచారం అందించడానికే పెట్టండి.

మిత్రులను వెతికేటప్పుడు 'స్వేచ్ఛా వాణిజ్యాన్ని వ్యతిరేకించేవాళ్లు ఎవరు' అని వెతకొద్దు. మీకు ఇబ్బంది పెట్టే అధ్యాయం వాళ్లకూ ఇబ్బంది పెడుతుందా అని చూడండి. పాల దిగుమతుల విషయంలో రెండు దేశాల రైతుల ప్రయోజనాలు ఎదురెదురుగా ఉండొచ్చు, మందుల విషయంలో రోగులందరిదీ ఒకే మాట. ఏ అంశాల్లో కలిసి మాట్లాడతారో, ఏ అంశాల్లో ఎవరి దారి వాళ్లదో మొదటి కాల్‌లోనే తేల్చుకోండి. ఉమ్మడి ప్రకటనలకు నెలలు ఖర్చు పెట్టొద్దు, ఒక పేజీ చాలు. అనువాదానికి మాత్రం డబ్బు పెట్టండి. ఇంగ్లిష్ వచ్చినవాళ్లే అన్నీ నిర్ణయించే కూటమి ఎక్కువ కాలం నిలవదు.

విదేశీ డబ్బుతో ఆడుతున్నారని, అభివృద్ధికి అడ్డం పడుతున్నారని అంటారు. లెక్కలు ముందే బయట పెట్టండి, మీ మాట మీ దేశంలోని నష్టం గురించే ఉండనివ్వండి. ఇంతకంటే తీవ్రమైన ప్రమాదాలు కూడా ఉన్నాయి. ఎల్ సాల్వడార్‌లో బంగారు గనిని వ్యతిరేకించిన స్థానిక నాయకులు కొందరు హత్యకు గురయ్యారు. అవతలి దేశంలో మీ మిత్రుల పరిస్థితి అలాంటిదైతే ఎవరి పేరు ఎక్కడ రావాలో వాళ్లే నిర్ణయించాలి.

మీ ఒప్పందం చర్చల దశలోనే ఉందా, సంతకాలు అయిపోయాయా అన్నది ప్రశ్నలో లేదు. సంతకాలు అయిపోయినా పని ఉంటుంది. సీటా 2017 సెప్టెంబర్ నుంచి తాత్కాలికంగా అమల్లో ఉన్నా, అందులో కంపెనీలు ప్రభుత్వాల మీద కేసు వేసే ఏర్పాటు అమలు కావాలంటే సభ్య దేశాలన్నీ ఆమోదించాలి. ఆ పోరాటం ఒక్కో పార్లమెంటులో నడుస్తూ వచ్చింది. ఎల్ సాల్వడార్ మీద పసిఫిక్ రిమ్ అనే గనుల కంపెనీ 2009లో వేసిన కేసులో, కాఫ్టా కింద వేసిన భాగాన్ని 2012లోనే కొట్టేశారు. 2016 అక్టోబర్‌లో మధ్యవర్తులు మిగతాది కూడా కొట్టేసి, ప్రభుత్వానికి 80 లక్షల డాలర్ల ఖర్చులు ఇవ్వమన్నారు. ఆ కేసు నడిచినన్నాళ్లూ బయటి దేశాల సంఘాలు అక్కడివాళ్లకు అండగా ఉన్నాయి. 2017 మార్చిలో ఆ దేశం లోహ గనుల తవ్వకాన్నే నిషేధించింది. 2024 డిసెంబర్‌లో, తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. కాబట్టి ఒప్పందం మీద సంతకం పడ్డాక, లేదా ఆగిపోయాక కూడా మీ కూటమి ఈమెయిల్ జాబితాను తీసేయకండి. ఏడాదికి రెండుసార్లయినా అవతలివాళ్లతో మాట్లాడుతూ ఉండండి.